శనివారం ఓపెన్ ఇన్‌స్పెక్షన్లలో అసలు ఏం చూడాలి? మెల్‌బోర్న్‌లో మొదటి ఇల్లు వెతుకుతున్నవాళ్లకు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: పోయిన ఏడాది పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) వచ్చింది, మెల్‌బోర్న్ పశ్చిమాన టార్నీట్, ట్రుగనీనా, విండమ్ వేల్ వైపు మొదటి ఇల్లు చూస్తున్నారు. ప్రతి శనివారం మీ దంపతులు, ఇద్దరు పిల్లలు, హైదరాబాద్ నుంచి వచ్చిన అత్తయ్యగారు, మామయ్యగారు అందరూ బయల్దేరి వరసపెట్టి ఓపెన్ ఇన్‌స్పెక్షన్లు (అమ్మకానికి ఉన్న ఇంటిని అందరూ వచ్చి చూడటానికి కాసేపు తెరిచి ఉంచడం) తిరుగుతున్నారు. సాయంత్రానికి ఏ ఇంట్లో ఏముందో అంతా కలగాపులగం అయిపోతోంది. మీవారికి నచ్చింది మీకు నచ్చదు, ఇద్దరికీ నచ్చింది వాస్తుకు ఆగదు. అనుభవం ఉన్నవాళ్లు ఎలా చూస్తారని అడిగారు.

ముందే సూటిగా చెప్పేస్తాను. ఒక శనివారానికి మూడు ఇళ్లు, మహా అయితే నాలుగు చాలు. మొదటిసారి వెళ్లినప్పుడు ఆ ఇంటిని లిస్టులోంచి కొట్టేయడానికి కారణం దొరుకుతుందేమో వెతకండి. ఏ కారణమూ దొరకని ఇంటికే రెండోసారి వెళ్లండి, పెద్దవాళ్లను అప్పుడు తీసుకెళ్లండి. మీకు వస్తున్న తలనొప్పిలో సగం, మొదటి చూపులోనే నచ్చాలా వద్దా అని ఆరుగురు తేల్చుకోవాలని చూడటం వల్ల వస్తున్నదే.

నా పని ఏంటంటే, కొనేవాళ్ల తరఫున వెళ్లి ఇల్లు పరీక్షించి బిల్డింగ్ ఇన్‌స్పెక్షన్ రిపోర్టు రాయడం. ఎక్కువగా వెరిబీ నుంచి మెల్టన్ దాకా ఉన్న సబర్బులే. పిలిచేవాళ్లలో మనవాళ్లు బాగా ఎక్కువ. ఓపెన్‌లో పది నిమిషాలు శ్రద్ధగా చూస్తే వాళ్లకే కనబడే విషయాన్ని, నాకు వందల డాలర్లు ఇచ్చి చెప్పించుకున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

బయల్దేరకముందే సగం ఇళ్లు పోవాలి

శనివారం టైమింగులు సాధారణంగా బుధ, గురువారాలకల్లా రియల్‌ఎస్టేట్ సైట్లలో వచ్చేస్తాయి. గురువారం రాత్రి పిల్లలు పడుకున్నాక ఇద్దరూ కూర్చుని కొన్ని పనులు చేయండి. మొదటిది, ప్రభుత్వ వెబ్‌సైటు విక్‌ప్లాన్‌లో ఆ అడ్రస్ కొట్టి చూడండి. జోన్ ఏంటో, ఏవైనా ఓవర్లేలు (ఆ స్థలానికి అదనంగా వర్తించే ప్లానింగ్ నియమాలు) ఉన్నాయో కనిపిస్తాయి. వరద నీటికి సంబంధించిన ఓవర్లే ఉంటే నేనైతే ఆ ఇంటిని అక్కడే వదిలేస్తాను. 2022 అక్టోబర్‌లో మారిబినాంగ్ నది పొంగినప్పుడు ఏం జరిగిందో ఇక్కడివాళ్లకు గుర్తుండే ఉంటుంది. రెండోది, స్కూల్ జోన్, అంటే ఆ అడ్రస్‌కు ఏ ప్రభుత్వ స్కూల్ వస్తుందన్నది. పక్క వీధి వేరే జోన్‌లో ఉండటం ఇక్కడ మామూలే కాబట్టి ఏజెంట్ మాట వద్దు, ఫైండ్ మై స్కూల్ సైట్‌లో మీరే చూసుకోండి.

మూడోది స్టేట్‌మెంట్ ఆఫ్ ఇన్ఫర్మేషన్ అనే కాగితం. విక్టోరియాలో అమ్మకానికి పెట్టిన ప్రతి ఇంటికీ ఇది ఉండి తీరాలి. ఇందులో అంచనా ధర ఒకే అంకెగానో, 10 శాతానికి మించని రేంజ్‌గానో ఇస్తారు, అంటే 6 లక్షల 80 వేల నుంచి 7 లక్షల 48 వేల డాలర్లు అన్నట్టుగా. దాంతోపాటు పోల్చదగ్గ మూడు ఇళ్లు ఎంతకు అమ్ముడుపోయాయో రాయాలి. మెల్‌బోర్న్ నగరంలో అయితే అవి 2 కిలోమీటర్ల లోపు ఉండాలి, గత 6 నెలల్లో అమ్ముడైనవై ఉండాలి. ఆ మూడూ మ్యాప్‌లో తెరిచి చూడండి. మీరు చూసేది 400 చదరపు మీటర్ల స్థలంలో నాలుగు బెడ్‌రూములైతే, పోల్చిన ఇల్లు మూడు బెడ్‌రూముల టౌన్‌హౌస్ అయితే, ధర తక్కువ చేసి చూపించి ఉండొచ్చు. దీన్నే అండర్‌క్వోటింగ్ అంటారు. దీన్ని అరికట్టడానికే వినియోగదారుల రక్షణ సంస్థ కన్స్యూమర్ అఫైర్స్ విక్టోరియా 2022లో ప్రత్యేక టాస్క్‌ఫోర్స్ పెట్టింది. మీ బడ్జెట్ ఆ ధర రేంజ్‌లో కింది అంకెకు మాత్రమే సరిపోతుంటే ఆ ఇంటికి పెట్రోల్ ఖర్చు పెట్టకండి.

బ్యాంకు ప్రీ-అప్రూవల్ (ఎంత లోన్ ఇస్తారో ముందస్తు అంగీకారం) లేకుండా తిరుగుతుంటే ఒక వారం ఆగి ముందు అది తెచ్చుకోండి. మొదటి ఇల్లు కాబట్టి విక్టోరియాలో 6 లక్షల డాలర్ల వరకు స్టాంప్ డ్యూటీ లేదు, ఏడున్నర లక్షల వరకు రాయితీ ఉంది. మొదటి ఇల్లు కొనేవాళ్లకు ప్రభుత్వం పెట్టిన 5 శాతం డిపాజిట్ పథకానికి మెల్‌బోర్న్‌లో ధర పరిమితి 2025 అక్టోబర్ నుంచి తొమ్మిదిన్నర లక్షలు. ఈ అంకెలు మీ బడ్జెట్‌ను మార్చేస్తాయి. ఇల్లు చూశాక లెక్కలు వేసుకుంటే మనసు అంకెను పైకి లాగుతుంది.

ఇంటికి ముందు బయట నిలబడండి

ఓపెన్ ఇన్‌స్పెక్షన్ పావుగంట, అరగంట ఉంటుంది. గేటు తెరవడానికి ఓ పది నిమిషాల ముందే వెళ్లండి. మెల్‌బోర్న్ పశ్చిమం చాలావరకు బంకమట్టి నేల. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. ఇంటి కింద కాంక్రీట్ స్లాబ్ ఒక పక్క లేచి, ఒక పక్క దిగి, గోడలు చీలడం మెల్టన్, వెరిబీ వైపు కొత్త ఇళ్లలో కూడా నేను తరచూ చూసే సమస్య. కాబట్టి బయటే మొదలుపెట్టండి. వాన గొట్టాలు నేలలోని డ్రెయిన్‌కు కలిశాయా, లేక గోడ పక్కనే నీళ్లు వదిలేస్తున్నాయా? మట్టి ఇంటివైపు వాలి ఉందా? గోడకు ఆనించి పూలమొక్కలు వేసి రోజూ నీళ్లు పోస్తున్నారా? ఇటుక గోడ అడుగు వరసల్లో చిన్న నిలువు ఖాళీలు వదిలి ఉంటాయి, వాటిని వీప్ హోల్స్ అంటారు. అవి మట్టితోనో కాంక్రీట్‌తోనో మూసుకుపోతే గోడ లోపల తేమ నిలుస్తుంది, చెదలకు కనబడకుండా దారి దొరుకుతుంది. ఇటుకల మధ్య మెట్లు మెట్లుగా పోయే చీలిక కనబడితే, అందులో కొత్త సిమెంట్ నింపి ఉంటే, ఫొటో తీసుకోండి.

లోపల: తలుపులు, కార్పెట్ అంచులు, కప్‌బోర్డులు

లోపలికి వెళ్లగానే కొవ్వొత్తి వాసన, తాజా పూలు, మెత్తటి దిండ్లు. అద్దె ఫర్నిచర్ తెచ్చి పెట్టిన ఇళ్లలో మంచాలు చిన్నవి వేస్తారు, గది పెద్దదిగా కనబడటానికి. మీ మంచం కొలత, మీ ఫ్రిజ్ వెడల్పు ఫోన్‌లో రాసుకుని ఒక కొలత టేపు జేబులో పెట్టుకోండి.

తర్వాత తలుపులు. ఓపెన్ రోజు తలుపులన్నీ బార్లా తెరిచి ఉంటాయి. ఒక్కొక్కటీ మూసి చూడండి. చట్రానికి రాసుకుంటోందా, గడియ దాని గూట్లో పడుతోందా, సగం తెరిచి వదిలితే దానంతట అదే కదిలిపోతోందా చూడండి. ఇంకో పని: ఫోన్ పైకెత్తి తలుపు పై అంచు ఫొటో తీయండి. మిగతా తలుపుకంతా రంగు ఉండి, పై అంచున పచ్చి చెక్క బయటపడి ఉంటే, బిగుసుకుపోయిన తలుపును చెక్కి సరిచేసి ఉండొచ్చు. ఒక తలుపుకు అలా ఉంటే ఏమో అనుకోవచ్చు. ఒకే వైపున్న మూడు తలుపులకు ఉంటే స్లాబ్ కదిలి ఉండొచ్చు. టార్నీట్‌లో ఒక జంట నన్ను పిలిచిన ఇంట్లో సరిగ్గా ఇదే కనిపించింది. హాల్లో అందంగా పరిచిన రగ్గు ఎత్తితే కింద టైల్స్ ఈ గోడ నుంచి ఆ గోడ దాకా గీత గీసినట్టు పగిలి ఉన్నాయి. ఓపెన్‌లో వాళ్లు ఆ రగ్గు మీదే నిలబడి ఏజెంట్‌తో మాట్లాడారట. రగ్గు అంచు ఎత్తి చూడటానికి మొహమాటం అక్కర్లేదు.

బాత్రూమ్‌ను బాత్రూమ్‌లోంచి చూడకండి. షవర్ గోడకు అవతలి పక్క ఏముందో చూడండి. సాధారణంగా బెడ్‌రూమ్ వార్డ్‌రోబ్ ఉంటుంది. దాని అడుగున చెక్క పట్టీ ఉబ్బిందా, కార్పెట్ అంచు వెంట తుప్పు మరక ఉందా, తడి వాసన వస్తోందా? షవర్ లీక్ అవుతుంటే మొదట తెలిసేది అక్కడే. సీలింగ్‌లో ఒక్కచోట మాత్రమే కొత్త రంగు వేసి ఉంటే, దాని పైన ఏముందో అడగండి. కుళాయిలు రెండు ఒకేసారి తిప్పి నీటి ఒత్తిడి చూడండి. హాట్ వాటర్ సిస్టమ్ మీద తయారైన తేదీ ఉన్న స్టిక్కర్ ఉంటుంది, అదొక ఫొటో.

ఇక వంటగది. దీని గురించి ఇంగ్లీషు చెక్‌లిస్టుల్లో మనకు కావలసింది ఉండదు. మనం పోపు పెడతాం, చేపలు వేయిస్తాం, ఎండుమిర్చి మాడుతుంది. రేంజ్‌హుడ్ (పొయ్యి పైన పొగ లాగే ఫ్యాన్) గాలి ఇంటి బయటకు పోతోందా లేదా అన్నది మనకు బెంచ్‌టాప్ రాయి కంటే ముఖ్యం. హుడ్ ఆన్ చేసి మీ మొహం దాని దగ్గర పెట్టి చూడండి. ముందువైపు చీలికల్లోంచి గాలి మీ మొహం మీదికే కొడుతుంటే అది గాలిని వడకట్టి మళ్లీ ఇంట్లోకే వదులుతోంది. పై కప్‌బోర్డు తెరిచి గొట్టం ఉందో చూడండి. గొట్టం ఉన్నా సరే, బయటకొచ్చి కప్పు మీద దానికి మూత కనబడుతోందో లేదో చూసుకోవాలి. కొందరు బిల్డర్లు గొట్టాన్ని కప్పు కింద అటకలోనే వదిలేస్తారు, నూనె జిడ్డంతా అక్కడ పేరుకుంటుంది. గ్యారేజీలో రెండో పొయ్యి పెట్టుకోవడం మనవాళ్లలో మామూలైపోయింది. ఇప్పటికే అలా పెట్టి ఉంటే ఆ గ్యాస్ లైన్ లైసెన్స్ ఉన్న ప్లంబర్ వేశాడో లేదో అడగండి. గ్యాస్ పొయ్యే కావాలని పట్టుబట్టేవాళ్లు ఒక సంగతి తెలుసుకోవాలి: ప్లానింగ్ పర్మిట్ అవసరమైన కొత్త ఇళ్లకు 2024 జనవరి నుంచి విక్టోరియాలో గ్యాస్ కనెక్షన్ ఇవ్వడం లేదు. అందుకని కొత్త ఎస్టేట్లలో ఇండక్షన్‌కు అలవాటు పడక తప్పదు.

వెనకాల పెర్గోలా (పందిరి), గ్యారేజీని మార్చి చేసిన గది కనబడితే, పర్మిట్ ఉందా అని అడగండి. గత 7 ఏళ్లలో ఇచ్చిన బిల్డింగ్ పర్మిట్లు సెక్షన్ 32లో, అంటే అమ్మేవాళ్లు కొనేవాళ్లకు ఇవ్వాల్సిన వివరాల పత్రంలో, చూపించాలి. కొత్తగా కట్టిన గది కనబడుతోంది, కాగితంలో లేదు అంటే అది రేపు కౌన్సిల్‌తో మీ తలనొప్పి. నాలుగు బెడ్‌రూముల ఇల్లని ప్రకటన ఇచ్చి, నాలుగోది అనుమతి లేని గ్యారేజీ గది అయిన ఇంటికి నేనూ రిపోర్టు రాశాను. కొనేవాళ్లు మూడు బెడ్‌రూముల ధర చెప్పి, అది కుదరక వదిలేశారు. నా లెక్కలో మంచిపనే చేశారు.

ఏజెంట్‌తో ఎంత మాట్లాడాలి

గేటు దగ్గర పేరు, ఫోన్ నంబర్ రాసుకుంటారు. ఇవ్వండి, ఫరవాలేదు. సోమవారం ఫోన్ చేసి "ఎలా ఉంది, ఎంత అనుకుంటున్నారు" అని అడుగుతారు. ఏజెంట్ అమ్మేవాళ్ల మనిషి, కమిషన్ వాళ్లే ఇస్తారు. కాబట్టి మీ ప్రీ-అప్రూవల్ అంకె, అద్దె ఇల్లు ఎప్పుడు ఖాళీ చేయాలి, అత్తయ్యగారు ఎప్పుడు తిరిగి వెళ్తున్నారు, ఇవేవీ చెప్పకండి. ఇంకో మాట: టార్నీట్‌లో ఏజెంట్లలో మనవాళ్లు చాలామందే ఉన్నారు. హాల్లో నిలబడి తెలుగులో "ఏడు దాకా వెళ్దామా" అని గుసగుసలాడుకుంటే పక్కన కాగితాలు పంచుతున్న కుర్రాడికి అంతా అర్థమైపోవచ్చు. మాటలన్నీ కారులో.

అడగాల్సినవి మాత్రం నేరుగా అడగండి. ఎందుకు అమ్ముతున్నారు, ఎన్నాళ్లుగా మార్కెట్‌లో ఉంది, వరద నీళ్లు వచ్చాయా, ఇంట్లో ఏదైనా నేరం జరిగిందా, స్లాబ్‌కు గానీ గోడలకు గానీ రిపేర్ చేశారా. 2020 మార్చి నుంచి విక్టోరియాలో ముఖ్యమైన విషయాన్ని తెలిసీ దాచడం నేరం. అడిగిన ప్రశ్నను అదే రోజు ఈమెయిల్‌లో కూడా పంపి జవాబు రాతలో తెప్పించుకోండి. నోటితో "నో ఇష్యూస్" అన్నవాళ్లు ఈమెయిల్‌కు జవాబివ్వకపోతే అది కూడా ఒక జవాబే.

గుర్తుండకపోవడం, ఇద్దరి అభిప్రాయాలు

దీనికి తేలిక ఉపాయం ఉంది. ప్రతి ఇంటి దగ్గర దిగగానే మొదట ఏజెంట్ బోర్డు ఫొటో తీయండి. ఆ తర్వాత తీసినవన్నీ, తర్వాతి బోర్డు వచ్చేదాకా, ఆ ఇంటివే. లోపల ఫొటోలకు ఏజెంట్‌ను ఒకమాట అడగండి, ముఖ్యంగా అద్దెకున్నవాళ్ల సామాను ఉంటే. కారెక్కగానే, ఒకరితో ఒకరు మాట్లాడుకోకముందే, ఇద్దరూ విడివిడిగా ఫోన్‌లో మూడు లైన్లు రాయండి: ఏం బాగుంది, ఏం బాలేదు, ఎంతకు పోతుంది. ఒకరు మొదలుపెడితే రెండోవాళ్లు దానికి ఊగడమో, మొండికేయడమో జరుగుతుంది, అసలు అభిప్రాయం పోతుంది. "ఎంతకు పోతుంది" అన్న లైనును తేలిగ్గా తీసుకోకండి. ఆ ఇల్లు అమ్ముడయ్యాక అసలు ధర పక్కన రాసుకుంటూ పోతే కొన్ని వారాల్లో మీ అంచనా ఏజెంట్ రేంజ్ కంటే నమ్మదగ్గదవుతుంది.

పిల్లల్ని లోపలికి తిప్పకండి. ఒకరు వాళ్లతో దగ్గర్లోని పార్కులో ఉండి, రెండోవాళ్లు ఇల్లు చూడండి, తర్వాతి ఇంటికి మారండి. పార్కులో ఉన్నవాళ్లకు అక్కడి తల్లిదండ్రుల ద్వారా వీధి గురించి, స్కూల్ గురించి తెలిసేది ఏ బ్రోచర్‌లోనూ ఉండదు.

వాస్తు

మామయ్యగారితో వాదించకండి, ఆయనకు పని అప్పజెప్పండి. ఏ రెండు మూడు నియమాలు తప్పనిసరి, ఏవి సర్దుకోవచ్చు అన్నది ఇంట్లోనే కూర్చుని రాయించుకోండి. గురువారం రాత్రి మ్యాప్, ఫ్లోర్ ప్లాన్ చూసి ఆయనే వడపోస్తారు. గుమ్మం దగ్గర నిలబడి తేల్చుకునే పని తప్పుతుంది. ఫోన్ కంపాస్‌ను కారు పక్కన, ఇనుప గ్యారేజీ తలుపు పక్కన పెడితే తప్పు చూపిస్తుంది. పైగా మెల్‌బోర్న్‌లో అయస్కాంత ఉత్తరానికి, అసలు ఉత్తరానికి మధ్య దాదాపు 12 డిగ్రీల తేడా ఉంది. కొంచెం వంకరగా ఉన్న స్థలాల్లో ఈ తేడా వల్లే ఈశాన్యం ఎటో అని గొడవలొస్తాయి. సెట్టింగ్స్‌లో అసలు ఉత్తరం ఎంచుకోండి, లేదా సెక్షన్ 32లోని టైటిల్ ప్లాన్ చూడండి.

నా వైపు నుంచి ఒక్క మాట చేరుస్తాను. ఇక్కడ సూర్యుడు తూర్పున లేచి ఉత్తరం మీదుగా పడమటికి పోతాడు. హాల్ ఉత్తరం వైపు ఉంటే చలికాలంలో ఎండ లోపలికొస్తుంది, హీటింగ్ బిల్లు తగ్గుతుంది. పడమర పెద్ద అద్దాలుంటే జనవరి సాయంత్రాలు ఆ గదిలో కూర్చోలేరు. మామయ్యగారు ఉత్తరం అన్నప్పుడల్లా ఇంజనీరుగా నేనూ ఆయన వైపే.

రెండోసారి, ఆ తర్వాత

మిగిలిన ఇంటికి వారం మధ్యలో సాయంత్రం అపాయింట్‌మెంట్ అడగండి, ఇస్తారు. ఆ వీధిలోకి ఒక పనిరోజు పొద్దున ఏడున్నరకు కారులో వెళ్లి చూడండి. టార్నీట్ స్టేషన్ 2015లో వచ్చింది గానీ అక్కడ ఆగేవి జీలాంగ్ లైన్ వీలైన్ (రాష్ట్ర ప్రాంతీయ రైలు సంస్థ) రైళ్లు. పొద్దున ఎంత రద్దీగా ఉంటాయో, పార్కింగ్ ఎప్పుడు నిండిపోతుందో ఒకరోజు మీరే చూడండి. రాక్‌బ్యాంక్ దుర్గ గుడికి ఎంతసేపు పడుతుందన్నది అత్తయ్యగారి ప్రశ్న అయితే అదీ ఆ రోజే తేలిపోతుంది.

ప్రైవేట్ సేల్ (ఆక్షన్ లేకుండా బేరంతో జరిగే అమ్మకం) అయితే ఆఫర్‌లో ఫైనాన్స్ షరతు, బిల్డింగ్ ఇన్‌స్పెక్షన్ షరతు రాయించండి. సంతకం పెట్టాక 3 పూర్తి పనిదినాల కూలింగ్ ఆఫ్ (మనసు మార్చుకునే గడువు) ఉంటుంది, వెనక్కి తగ్గితే ధరలో 0.2 శాతం పోతుంది. ఆక్షన్‌లో కొంటే ఈ వెసులుబాటు లేదు, షరతులూ ఉండవు. సుత్తి పడితే సాధారణంగా అదే రోజు 10 శాతం డిపాజిట్ కట్టాలి. 5 శాతం పథకంతో కొనేవాళ్లయితే తక్కువ డిపాజిట్‌కు అమ్మేవాళ్లు ఒప్పుకుంటారో లేదో ముందే రాతలో తీసుకోవాలి. కాబట్టి కన్వేయన్సర్‌తో (ఇంటి కొనుగోలు కాగితాల పని చూసేవారు) సెక్షన్ 32 చదివించడం, ఇల్లు పరీక్ష చేయించడం, బ్యాంకు మాట, మూడూ ఆక్షన్‌కు ముందే అయిపోవాలి. కొనే ఉద్దేశం లేకపోయినా మీ సబర్బ్‌లో నాలుగైదు ఆక్షన్లు ఊరికే నిలబడి చూడండి. అమ్మేవాళ్ల తరఫు బిడ్‌ను ఆక్షనీర్ "వెండార్ బిడ్" అని పైకి చెప్పి తీరాలి. రిజర్వ్ ధర (అమ్మేవాళ్లు పెట్టుకున్న కనీస ధర) అందక పాస్డ్ ఇన్ అయితే, అంటే ఆక్షన్‌లో అమ్ముడుపోకపోతే, ముందుగా బేరమాడే అవకాశం అందరికంటే ఎక్కువ బిడ్ వేసినవాళ్లది.

సెప్టెంబర్ ఆఖరి శనివారం ఫుటీ (ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్) గ్రాండ్ ఫైనల్, ఆ రోజు ఆక్షన్లు పెద్దగా ఉండవు. డిసెంబర్ మధ్య నుంచి జనవరి ఆఖరు దాకా మార్కెట్ దాదాపు నిద్రపోతుంది. ఆ వారాలు పిల్లలకిచ్చేయండి.

చివరగా, ఇన్‌స్పెక్టర్‌ను ఏజెంట్ సిఫారసు చేస్తే మర్యాదగా వద్దనండి, మీరే వెతుక్కోండి. మీ లిస్టులో ఇప్పుడున్న ఇళ్ల సబర్బ్, కట్టిన సంవత్సరం ఇక్కడ రాయండి. అడ్రస్ అక్కర్లేదు. ఆ వైపు నేల గురించి, ఆ కాలపు ఇళ్లలో ఎక్కువగా కనబడే లోపాల గురించి నాకు తెలిసింది రాస్తాను.